హైమవతి విద్యారంభము

వసంతఋతువు భీమునిపట్టణమున నితరస్థలములయందువలె మామిడిచిగుళ్లతోడను గోకిలారవములతోడను గాక సముద్రముమీదినుండి వచ్చు గాలితో బ్రవేశించును. మాఘఫాల్గుణములయందు గొండవైపునుండి దిగివచ్చి నీటిపైకి బోవుచుండిన చలిగాలి యొకానొక దినమున నెవ్వరికిని జెప్పకుండ దిక్కు మార్చుకొని దక్షిణమునుండి వీవ నారంభింపగా నంతవఱకును బూడిదవన్నెతో మూల్గుచుండిన ప్రాక్సముద్రము మరకతచ్ఛాయను దాల్చి తరంగహస్తములచే సైకతస్థలిని మెల్లమెల్లగా దువ్వుచుండును. గోస్తనీనది వేసవి సమీపించుటచే గృశించి ముఖద్వారమున నిసుకతిన్నె యడ్డుపడగా సముద్రమును జేరలేక చేరకుండ నుండలేక యద్దమువలె నిలిచియుండును. నరసింహస్వామి వెలసిన కొండ తొలివెలుగునందు రాగివన్నెతో మెఱయుచుండ దాని పాదమున బూర్వము డచ్చివారగు నొలందావారు గట్టించిన గిడ్డంగులును సున్నము రాలిన మేడలును దీపస్తంభమును నొకదానివెనుక నొకటి చీకటినుండి వెలువడుచుండును. ఆ వేళ నా తీరమున నిలిచినవాడు తాను జూచుచున్నది లోకముయొక్క మొదటి ప్రాతఃకాలమే యని భ్రమించుట వింత గాదు.

ఓడల రాకపోకలు నానాటికి క్షీణించి యా పట్టణము పూర్వవైభవమును గోల్పోవుచుండిన కాలమున నచ్చట పద్మనాభయ్యయను వకీలు నివసించుచుండెను. అతడు దీర్ఘకాయుడు మితభోజి గంభీరకంఠుడు. న్యాయస్థానమున నతడు లేచి మాటాడ నారంభించినచో వీథిని బోవువారు సైతము కిటికీలకడ నిలిచి యాలకించుచుండిరి. పురపాలకసంఘసభ్యుడై యతడు చేసిన కార్యములన్నింటిలోను దనకు మిక్కిలి ప్రియమైనది బాలికాపాఠశాల. అది వెలసిన తొలిదినములయందు దానికి బంతులమ్మలును బల్లలును గలవుగాని బాలికలు లేకపోగా నతడు తానే సాలెవీథికిని గుమ్మరివీథికిని జాలరిపేటకును బోయి యింటింటి యరుగుమీద గూర్చుండి తలిదండ్రులను బ్రతిమాలి యొక్కొక్క బాలికను బడికి రప్పించెను. జాలరిపేటలో జేపలమ్ముకొని జీవించు పోలమ్మ తన యొక్కగానొక్క కూతురగు నూకాలును బంపుటకు సమ్మతింపక "బాబూ, మీ పాప యెచ్చట జదువును?" అని యడిగెను. "నా కూతురు పసిది. దానికి బడియీడు వచ్చిననాడు నీ కూతురున్న బడికే వచ్చును" అని యతడు బదులు చెప్పెను. ఆ మాట విని పోలమ్మ మఱునాడే కూతురి తల దువ్వి బడికి బంపెను. ఆ మాటయే యా పేటయంతయు బ్రాకెను.

పద్మనాభయ్య భార్యయగు మాణిక్యాంబ యా పాఠశాలయందే రెండవ తరగతి కుపాధ్యాయిని. అరువదిమందికి మించిన బాలికలు గల యా గదిలో నామె కంఠస్వరము చుక్కానివలె బనిచేయుచుండెను. వారి యేకైకసంతానమైన హైమవతి యింటియందు దండ్రికి దగిన కూతురు. వీథిని బోవు పెరుగమ్మునామె కేకను దానును వేయును. పిల్లితో వాదమాడును. తల్లి వంట చేయుచుండ దనకు దోచిన కథను ముగింపు లేకుండ జెప్పుచునేయుండును. అయితే గడప దాటి పరులముందు నిలిచినంతనే యా చిన్నదాని పెదవులు ముత్యపుచిప్పవలె మూసికొనును. అది సిగ్గు గాదు. భయమని చెప్పుటకును వీలులేదు. కన్నులతో నన్నియు జూచుచుండును, చెవులతో నన్నియు వినుచుండును, మాట మాత్రము రాదు. వైద్యులు పరీక్షించి గొంతునందు లోపమేమియు లేదనిరి.

బడియీడు రాగానే పద్మనాభయ్య యిచ్చిన మాట చొప్పున గూతురిని బాలికాపాఠశాలలో మొదటి తరగతియందు జేర్పించెను. చేర్పించిన నాటినుండి హైమవతి సాయంకాలము లింటికి వచ్చి పలక యింకను జేతనుండగనే నీళ్లబానవైపునకు బరువెత్తి రెండు చెంబుల నీరు త్రాగుచుండుట మాణిక్యాంబ కంటబడెను. మొదట నామె యెండ యని తలచెను. పిమ్మట వర్షపుదినమునందును బిడ్డ యట్లే త్రాగుట చూచి కారణ మారసి తెలిసికొని స్తంభించెను. దాహమైనపుడు నీరు గావలెనని పంతులమ్మ నడుగవలెను. హైమవతి యడుగలేదు. ఉదయమునుండి సాయంకాలమువఱకును రెండు గోడల కావల దాను బరుల బిడ్డలకు బద్యములు వల్లెవేయించుచుండగా దన బిడ్డ యెండిన నాలుకతో గూర్చుండియుండినదని తెలిసిన దినమున నా తల్లి పడిన వ్యథ వర్ణింప నలవిగాదు. మొదటి తరగతి యుపాధ్యాయిని నిర్దయురాలు గాదు. ఆమె కన్నులు రెండు, బిడ్డలు డెబ్బదిమంది.

ఆ పట్టణముననే దీపస్తంభమునకు సమీపమున నొక పాతగిడ్డంగిలో, తాయారమ్మగారను వృద్ధురాలు చిన్నబడి నడపుచుండెను. ఆమె చెన్నపట్టణమున శిక్షణము పొంది పెద్దపాఠశాలలయందు బెక్కేండ్లు పనిచేసి విశ్రాంతి గైకొని పుట్టినయూరికి వచ్చినది. ఆమెయొద్ద బాలురును బాలికలును గలిసి రుసుము చెల్లించి పదునొకండుమంది చదువుచుండిరి. డజనునకు మించి యామె చేర్చుకొనదు. అచ్చట గంట లేదు బెత్తము లేదు. పంక్తులలో గూర్చుండుట లేదు. ఊరివారిలో గొందఱు దానిని బడియనిరి. కొందఱు పిల్లల నాడించు చోటనిరి.

"మన బిడ్డను దాయారమ్మగారి బడిలో జేర్పింతము" అని మాణిక్యాంబ భర్తతో ననెను.

అతడు చేతనున్న కాగితమును ప్రక్కన బెట్టి "నీవు పాఠము చెప్పు బడి పరుల బిడ్డలకు జాలునుగాని మన బిడ్డకు జాలదని యూరికి జాటుదుమా? పోలమ్మ యరుగుమీద గూర్చుండి నేనేమంటినో నీ వెఱుగుదువు" అనెను.

"ఎఱుగుదును. మాట యిచ్చినది మీరు. ఆ మాటకొఱకు దప్పిగొన్నది మాత్రము మీరు గారు."

ఆ పలుకు సూటిగా దగిలెను. అయినను న్యాయవాదులకు సహజమైన పట్టుదలతో నతడు "లోకము దానికొఱకు గొంతు తగ్గించుకొనదు మాణిక్యాంబా. నలుగురిలో మెలగిననే నోరు విప్పుట యలవడును" అనెను.

"నలుగురిలో మెలగిన నలవడునేమో. డెబ్బదిమందిలో నున్న మాటకూడ నణగిపోవును" అని యామె చెప్పి లోపలికి బోయెను.

అది మొదలుకొని యా యింట గలహము లేదుగాని సుఖమును లేకుండెను. భార్యాభర్త లొకరితో నొకరు కావలసినంతవఱకే మాటాడుచుండిరి. హైమవతి బడికి బోక యింటనే యుండి పిల్లితో వాదము మాని దానిని మోకాళ్లమీద నిడుకొని తలిదండ్రుల ముఖములను మార్చి మార్చి చూచుచుండెను. ఆ చూపు నోర్వలేక మాణిక్యాంబ యొకనాడు "నేను గోరున దొక్కటియే. ఆ బడిని మీ కన్నులతో నొక్కమాఱు చూడుడు. పిమ్మట మీరు వలదన్నచో నేను మఱల నడుగను" అనెను. సాక్ష్యము వినకుండ దీర్పు చెప్పుట తన వృత్తికే తగదని పద్మనాభయ్య యొప్పుకొనెను.

ఆ సాయంకాలమే తాయారమ్మగారికి గబురంపగా నామె "రేపు బడి గిడ్డంగిలో నుండదు. సూర్యోదయమునకు ముందే దీపస్తంభమున కుత్తరముగా నున్న యిసుకమెట్టకు రండు. పాదరక్షలు వలదు. మాటాడవలదు" అని చెప్పిపంపెను.

"బడికి గోడలును లేవన్నమాట" అని పద్మనాభయ్య నవ్వెను. ఆ నవ్వులో నాతని తీర్పు సగము సిద్ధమైయుండెను.

మఱునాడు వారు మువ్వురును మెట్టను జేరునప్పటికి దూర్పున నాకాశము పావురపుమెడవన్నె దాల్చుచుండెను. ఇసుకమీద దాటియాకుల దడి యొకటి మోకాలెత్తున గుండ్రముగా గట్టబడి సముద్రమువైపు మాత్రము తెఱవబడియుండెను. దాని కిరువైపులను బిల్ల లర్ధచంద్రాకారమున గూర్చుండియుండిరి. తెల్లని చీర కొంగు చెవులమీదుగా గప్పుకొని తాయారమ్మగారు వారి నడుమ నొక పిల్లవలెనే గూర్చుండి వచ్చినవారిని జూచి లేవక చేతితో జోటు చూపెను. హైమవతి తల్లి చీర విడిచి పిల్లల వరుసకొసను మోకాళ్లు ముడుచుకొని కూర్చుండెను. ఎవ్వరు నామె పేరడుగలేదు.

తాయారమ్మగారు గాలికన్న గొంచెము హెచ్చైన గొంతుతో బద్మనాభయ్యకు "నెలన్నర క్రిందట నొక తాబేలు సముద్రమునుండి వచ్చి యిచ్చట గ్రుడ్లు పెట్టి యిసుక కప్పి వెనుకకు జూడక పోయినది. పిల్లలును నేనును నీ దడి గట్టితిమి. నిన్నటి సాయంకాల మీ యిసుక నడుమ గ్రుంగినది. లోపలివారు మేల్కొనిరి" అని చెప్పెను.

చాలసేపు ఏమియు జరుగలేదు. అల వచ్చెను, పోయెను. పద్మనాభయ్య మనస్సున న్యాయస్థానమును నాటి వ్యాజ్యమును దిరుగుచుండెను. ఇంతలో నతని చూపు తనయెదుట గూర్చున్న పిల్లలమీదికి బోయెను. ఐదేండ్లవారు నాఱేండ్లవారు నగు బిడ్డలు. ఒక్కరును గదలుట లేదు. బెదరింపబడినవారి నిశ్చలత యతడు న్యాయస్థానమున నిత్యము చూచునదియే. ఇది యది గాదు. దీపము చుట్టును గాలి యాగినపు డెట్లుండునో యట్లుండెను.

అంతట నిసుక యుడుకుచున్న యన్నమువలె గదలెను.

మొదట నొక్క నల్లని తల. అది వెలుగును జూచి యాగెను. దానివెనుక మఱియొకటి. దానిమీదుగా నింకొకటి. చూచుచుండగనే రూపాయిబిళ్లకన్న గొంచెము పెద్దవియగు చిప్పలతో, తడిసిన తెడ్లవంటి కాళ్లతో గూర్మశిశువులు పదులుగా నిరువదులుగా భూగర్భమునుండి యుబికి యొకదానిపై నొకటి పొరలుచు వెలికి వచ్చెను. వానికి దల్లి లేదు. దారి చూపువా రెవ్వరును లేరు. సముద్ర మన నెట్లుండునో వానిలో నొక్కటియు నెఱుగదు. అయినను బుట్టిన క్షణమున గన్నులలోని యిసుకయైన రాలకముందే యవి యన్నియు నొక్కదిక్కునకే తిరిగెను. తూర్పున సముద్రాకాశముల సంధిరేఖయందు సన్నని బంగారుతీగ మెఱయుచుండ నా వెలుగువైపునకు దమ దేహములకన్న వందలరెట్లు దూరమైన యిసుకను దాటుటకై యవి తెడ్లు వేయ నారంభించెను. పద్మనాభయ్య చిన్ననాటనుండి కూర్మావతారకథను విన్నవాడే. మందరపర్వతమును మోసిన యా మహాకమఠము తన యరచేతిలో నిముడునంతటిదై తన కాలిముందునుండి నడచిపోవునని యతడెన్నడును దలపలేదు.

దీపస్తంభముమీద వ్రాలియున్న కాకులు వానిని గనిపెట్టి రెక్కలు విప్పెను. తాయారమ్మగారు చేయెత్తగా బిల్లలు నిశ్శబ్దముగా లేచి దడినుండి నీటివఱకును రెండు వరుసలుగా నిలిచి చేతులు చాచిరి. వారి చేతుల నీడలో సన్నని త్రోవ యేర్పడెను. పెద్దపెద్ద నల్లని రెక్కలు తలలమీద గిరగిర దిరుగుచుండినను బిల్ల లఱవలేదు. కొంతసేపటికి బద్మనాభయ్య తానుగూడ నా వరుసలో నిలిచి యుత్తరీయమును రెండుచేతులతో విప్పి పట్టుకొనియుండుటను గనుగొనెను. తానెప్పుడు లేచెనో యెప్పుడు వచ్చెనో యతనికి దెలియలేదు. ఎదుటివరుసలో మాణిక్యాంబ నిలిచియుండెను. ఆమె చెంపలు తడిసియుండుటను జూచి యతడు చూపు మరల్చుకొనెను.

కూర్మశిశువులలో నొకటి దారి తప్పి హైమవతి పాదమును జేరెను. అది యాగి, తెడ్డెత్తి, యామె కాలివ్రేళ్లమీది కెక్కి యచ్చట నలసటచే దల వాల్చెను. ఆ మృదుభారమును మోయుచు నామె నిలిచిన తీరు దేవతావిగ్రహము నెత్తుకొని నడచు నర్చకుని నిలుకడను బోలియుండెను. కొంతసేపటి కది మఱల దల యెత్తి పాదము దిగి తోడివాని జాడ బట్టి పోయెను. హైమవతి దల యెత్తి ప్రక్కనున్న బాలుని జూచెను. ఆ బాలు డేమియు నడుగలేదు. కన్నులు పెద్దవి చేసి తానును జూచెను. మాట యనునది లేకయే వారిద్దఱి నడుమ నొక సంభాషణము జరిగినట్లు పద్మనాభయ్యకు దోచెను. జీవితమంతయు మాటలతో గడపినవా డగుటచే నది యతనికి సముద్రముకన్నను దాబేళ్లకన్నను విస్మయకరమై యుండెను.

చివరి శిశువును నొక యల యెత్తుకొనిపోయిన పిమ్మట సూర్యబింబము నీటినుండి పూర్తిగా వెడలెను. అప్పుడు పిల్లలు మెట్టమీది కుండచుట్టును జేరిరి. ఆ బడిలో నీరు త్రాగు నాచార మెట్టిదనగా నెవ్వరికివారు ముంచుకొనరు. ఒకరు ముంచి ప్రక్కవారి కిత్తురు, ప్రక్కవారు త్రాగి యవతలివారికి ముంతురు. వరుస హైమవతివద్దకు వచ్చెను. బాలుడు చెంబందిచ్చెను. ఆమె త్రాగెను; కుండవైపు నడచి ముంచి తనకవతల నున్న చిన్నదాని కందిచ్చెను.

పద్మనాభయ్య తాయారమ్మగారియొద్దకు బోయి "అమ్మా, మా బిడ్డ పరులముందు మాటాడదు" అనెను.

"తెలియుచునే యున్నది నాయనా" అని యామె చెప్పెను. "నేనును మాటాడింపను. మాటకు దొందరలేదు. వచ్చునాడు తానే వచ్చును. రాకున్నను బిడ్డ దప్పిగొనియుండదు."

ఇంటికి బోవు దారిలో నింకొక వింత జరిగెను. పద్మనాభయ్య "హైమను రేపే యీ బడిలో జేర్పింతము" అనగా మాణిక్యాంబ సంతోషింపక, పోవుచు బోవుచు నడిత్రోవలో నిలిచిపోయెను.

"నేనిపుడు మీ వాదమును దలచుకొనుచున్నాను" అని యామె యనెను. "నా యరువదిమందియు నీ సముద్రపుహోరు వినబడు నిండ్లలోనే పుట్టిరి. వారిలో నొక్కతెకైన నేనీ దృశ్యమును జూపితినా? మన బిడ్డకు మాత్రమే దీనిని గొనిపెట్టి వారికి రేపు యథాప్రకారము వల్లెవేయింతునా? మీరు సిగ్గుపడినదానికి నేనిపుడు సిగ్గుపడుచున్నాను."

"ముందు దానికి దాహము తీరవలెను" అని పద్మనాభయ్య మెల్లగా ననెను. "సిగ్గు నాది. దానిని నేను మోసెదను."

ఇట్లు వా రొకరి పక్షమున కొకరు చేరి యా మధ్యాహ్నమంతయు మఱల వాదించిరి. ఈ వాదమున మాత్రము చేదు లేదు. తుదకు హైమవతి చిన్నబడిలో జేరుటయు, పోలమ్మకు బద్మనాభయ్య తానే పోయి చెప్పుటయు, మాణిక్యాంబ తన తరగతినంతయు దీరమునకు గొనిపోవుటయు నిశ్చయమయ్యెను.

పోలమ్మ గంపను గోడకు జేర్చి చేతులు కడిగికొనుచుండగా బద్మనాభయ్య వాకిట నిలిచెను. అతడు దారిపొడవునను గూర్చుకొన్న వాక్యములు పెక్కు గలవు. ఆమె ముఖమును జూడగానే యవి యన్నియు నదృశ్యములయ్యెను. పెదవులు విప్పెను, మాట రాలేదు. ఆ క్షణమున గూతు రనుదినమును బడు నవస్థ యెట్టిదో యతనికి మొదటిసారి తెలిసెను. మాటలు లేక కాదు; అవి లోపల బరువై నిలిచిపోవును. పోలమ్మ తొందరపెట్టక పీట వాల్చి కూర్చుండెను. కొంతసేపటి కతడు కూర్చుండి దాహముసంగతి మొదలుకొని యంతయు జెప్పెను.

పోలమ్మ విని "మాట తప్పినారు బాబూ. తప్పలేదని నేననను" అనెను. పిమ్మట దూరముగా సముద్రమును జూచుచు "పాప నచ్చటనే చదువుకొననీయుడు. నా నూకాలు మాత్రము అమ్మగారి బడి మానదు. మొదట మీ మాటకొఱకు బోయినది. ఇపుడు తనకొఱకే పోవుచున్నది" అని చెప్పెను.

అందఱు నట్లనలేదు. సాలెవీథిలో నిద్దఱు తండ్రులు "వకీలుగారి బిడ్డకు బనికిరాని బడి మా బిడ్డల కేల?" యని కూతుండ్రను మాన్పించిరి. పద్మనాభయ్య మఱల నా యరుగులమీద గూర్చుండెను. ఈసారి యతడు వాగ్ధాటితో గాక యున్నదున్నట్లు చెప్పెను. ఒకతె తిరిగివచ్చెను. రెండవయామె రాలేదు, ఆ లోటు చిరకాల మతని మనస్సున ముల్లువలె నిలిచెను.

తీరమున నింకొక తాబేటిగూడు మిగిలియుండెను. అరువదిమందిని దీసికొనివచ్చెదనని మాణిక్యాంబ యడుగగా దాయారమ్మగారు సందేహించెను. "ఒక్క బిడ్డ పరువెత్తినను జాలును, కొన్ని ప్రాణములు కాళ్లక్రింద బోవును. నీ వారిని నీవు నమ్మగలవా?" అని యడిగెను. మాణిక్యాంబ యబద్ధ మాడలేదు. "ఎఱుగను. వారిని నమ్మిచూచుట కింతవఱకును నాకు వీలు కలుగలేదు" అనెను. ఆ సమాధానమే తాయారమ్మగారిని సమ్మతింపజేసెను.

ఇసుక క్రుంగిన కబురు వచ్చిన మఱునాటి వేకువయందు దీపస్తంభము దిక్కునుండి చిన్నదానివెనుక బెద్దదియు బెద్దదానివెనుక జిన్నదియు జేతులు పట్టుకొని యరువదిమంది బాలికలు వచ్చుచుండుటను బద్మనాభయ్య మెట్టమీదినుండి చూచెను. బడి యావరణమున వారి కోలాహల మెట్టిదో యతడెఱుగును. మాణిక్యాంబ బయలుదేరునపుడు వారితో "అచ్చట నేనేమియు జెప్పను. చూచుటయే నేటి పాఠము" అని మాత్రము చెప్పియుండెను. వారు వచ్చి తాయారమ్మగారి పిల్లల వెనుకను బ్రక్కలను సర్దుకొని కూర్చుండిరి. సాలెలబిడ్డలు కుమ్మరులబిడ్డలు జాలరులబిడ్డలు గలిసి యొక నిండుచంద్రుని సగమైరి. తాబేళ్లను బుట్టినది మొదలు చూచుచుండిన నూకాలు ముందువరుసలో మోకాళ్లమీద గూర్చుండి యిది తానెన్నడును జూడనిదైనట్లు ఱెప్పవాల్పక చూచుచుండెను.

ఇసుక కదలెను. తలలు వెడలెను. అరువదిమంది యొక్కపెట్టున లోపలికి దీసిన యూపిరి యొక చిన్న యలవలె వినబడెను. ఆ తరువాత నేమియు వినబడలేదు. కాకులు లేచినపుడు డజనుమంది బిడ్డలు వెనుకటివలె నిలువబడగా దక్కిన బాలిక లెవ్వరును జెప్పకయే వారి నడుమ నడుమ జేరిరి. త్రోవ దడినుండి నీటివఱకును సందు లేకుండ నిండెను. తాయారమ్మగారి ముసలికన్నులు చెమ్మగిల్లెను. పెక్కేండ్లు పెద్దబడులయందు బనిచేసి యచ్చట నసాధ్యమని తాను విడిచివచ్చినది తన యెదుట జరుగుచుండుట చూచి యామె చేయెత్తుటయే మఱచెను.

శిశువులన్నియు నీటిపాలైన పిమ్మటను నెవ్వరును గదలలేదు. గంటకొట్టి కేకవేసి యదలించి నిశ్శబ్దమును సంపాదించుట యలవాటైన మాణిక్యాంబకు, తానంతట వచ్చి కూర్చున్న యీ మహానిశ్శబ్దమును నెట్లు ముగింపవలెనో తెలియలేదు. ఆమె ముగింపలేదు. ఎండ వారి భుజములమీదికి వచ్చువఱకు వా రట్లే నిలిచియుండిరి. ఆ వారముననే యామె తన తరగతి గదిమూల నొక కుండను బెట్టి యొకరికొకరు నీరందించుకొను నాచారమును బెట్టెను. నీటికై యనుమతి వేడుట నాటితో నంతరించెను.

బిడ్డను బెంచువారు మంచిబడి యేదియని వెదకుదురు; అది పెద్దదా చిన్నదా, ధర్మబడియా సొంతబడియా యని వాదింతురు. వాదింపవలసినదే. అయినను బిడ్డ యేదో మహత్తరమైనదానియెదుట దనంతట దాను నిలిచిపోవు ఘడియ యెచ్చట గలుగునో బడి యచ్చట నుండును; తక్కినదంతయు గోడలును బైకప్పును మాత్రమే.

ఆ యుదయమున బాలికలు తిరిగి చేతులు పట్టుకొనుచుండగా బద్మనాభయ్య కూతురికొఱకు వెదకెను. హైమవతి నీటియంచున నూకాలు ప్రక్క నిలిచియుండెను. నూకాలు వంగి చెవి యొగ్గుచుండెను. హైమవతి పెదవులు కదలుచుండెను. కదలి యాగి మఱల గదలెను. తండ్రి యొక యడుగు ముందునకు వేసెను. సముద్రఘోష యా మాటను మ్రింగివేయుచుండెను. అతడు నిలిచిపోయి, వేసిన యడుగును మెల్లగా వెనుకకు దీసికొనెను. కూతురు లోకముతో బలికిన యా మొదటిమాట యేదియో యతడు తన జీవితకాలమున నెన్నడు నడుగలేదు.